ఆకాశమునుండి అడవిని చదువుట

 గ్రంథాలయ సభలో పుస్తకములను గూర్చి ప్రసంగించుట వాడుక. నేటి ప్రసంగమునకు విషయము అడవి. అయినను ఇదియు ఒక విధమగు చదువును గూర్చిన ప్రసంగమే. ఉపగ్రహములు ఏబది యేండ్లకు పైగా ఆకాశమునుండి భూమిని చిత్రించుచున్నవి. ఆ చిత్రములలో అడవిని ఎట్లు చదువవచ్చును? ఆ చదువు ఎంతవరకు నమ్మదగినది? అందు పల్లెవాసికి గల పని యేమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగమున తలపెట్టిన కార్యము.

అడవి అంచున కాపురముండువానికి అడవి తెలియదని ఎవరనగలరు? ఏ వాగున ఎన్నినాళ్లు నీరు నిలుచునో, ఏ గుట్టపై తునికాకు బాగుగా చిగురించునో, ఏ కొండ చరియను తేనెపట్టు దొరకునో అతడెరుగును. కాని అతని చూపు అతడు నడచినంత మేరకే. ఇరువది క్రోసుల అవతల అడవి పెరిగినదో తరిగినదో అతడెరుగడు. తాతనాటి అడవికిని తననాటి అడవికిని గల భేదమును జ్ఞాపకమును బట్టి చెప్పవలసినదే. జ్ఞాపకమునకు కొలత లేదు. నల్లమల వంటి మహారణ్యమును ఒక్కడు కాలినడకను కొలువబూనినచో జన్మము చాలదు. కొలిచి ముగించునప్పటికి మొదట కొలిచిన చోటు మారిపోయియుండును. ఈ కొరతను తీర్చుటకే దూరమునుండి చూచు విద్య పుట్టినది. దీనిని రిమోట్ సెన్సింగు అందురు. వస్తువును తాకకయే, దానినుండి వచ్చు వెలుగును బట్టియో వేడిమిని బట్టియో దాని స్థితిని గ్రహించుట ఈ విద్య స్వభావము.

ఈ విద్యకు మూలము ఆకులోనే యున్నది. ఆకులోని పత్రహరితము ఆహారమును తయారుచేసికొనుటకై సూర్యకాంతిలోని నీలపు కిరణములను, ఎఱ్ఱని కిరణములను పీల్చుకొనును. పచ్చని కిరణములను కొంత విడిచిపెట్టును. అందుచేతనే ఆకు పచ్చగా కనబడును. ఎఱ్ఱని కిరణములకు ఆవల, మనుష్యుని కంటికి గోచరింపని పరారుణ కిరణములు కలవు. ఆరోగ్యముగల ఆకు వానిని పీల్చుకొనదు. దాని లోపలి కణముల అమరికవలన ఆ కిరణములలో ఇంచుమించు సగము వెనుకకు మరలిపోవును. ఆకు పండినను, తెగులు సోకినను, నీరు లేక వాడినను ఈ లెక్క తారుమారగును. ఎఱ్ఱని వెలుగు ఎక్కువగా తిరిగివచ్చును. పరారుణ కాంతి తగ్గిపోవును.

ఈ సూత్రమును శాస్త్రజ్ఞులు చిన్న లెక్కగా మార్చిరి. ఒక చోట నూటికి 50 పాళ్లు పరారుణ కాంతియు, 8 పాళ్లు ఎఱ్ఱని కాంతియు తిరిగివచ్చినవనుకొన్నచో, రెంటి భేదము 42, రెంటి మొత్తము 58. భేదమును మొత్తముచే భాగింపగా 0.72 వచ్చును. అది దట్టమైన పచ్చదనమునకు గుర్తు. బోడినేలనుండి 30 పాళ్లు పరారుణము, 24 పాళ్లు ఎరుపు వచ్చినచో ఆ లెక్క 0.11కు దిగును. నీటిపై అది సున్నకు దిగువకు పోవును. బడిపిల్లవాడు చేయదగిన ఈ భాగహారమే నేడు ప్రపంచమందలి అడవుల పచ్చదనమును కొలుచుటకు మిక్కిలి వాడుకలో నున్న సూచిక.

భారతదేశమున ఈ విద్యకు తొలి పరీక్ష కొబ్బరిచెట్లపై జరిగినది. కేరళలో కొబ్బరితోటలను వేరుతెగులు పీడించుచుండెను. 1970 ప్రాంతమున ఆచార్య పిషారొత్ రామ పిషారొటి నాయకత్వమున శాస్త్రజ్ఞులు హెలికాప్టరులో ఎగిరి, పరారుణ కాంతిని గ్రహించు ఫిల్ముతో ఆ తోటలను చిత్రించిరి. ఆ ఫిల్ములో ఆరోగ్యముగల చెట్లు ఎఱ్ఱగా కనబడును. తెగులు సోకిన చెట్లకు ఆ ఎరుపు లోపించెను. చెట్టు క్రింద నిలిచి తలయెత్తి చూచువానికి స్పష్టపడని జబ్బు, పైనుండి చూచువానికి స్పష్టపడినది. భారతదేశమున రిమోట్ సెన్సింగునకు పిషారొటిగారిని పితామహునిగా ఎంచుటకు ఈ ప్రయోగమొక కారణము.

విమానములనుండి అడవులను చిత్రించుట అంతకు చాల పూర్వమే యున్నది. 1924లోనే బర్మాలో ఐరావతీ నదీముఖపు అడవులను విమానమునుండి ఛాయాచిత్రములు తీసిరి. కాని విమానము ఎగిరిన నాటి చిత్రమే లభించును. మరల మరల ఎగురుటకు వ్యయము మెండు. అమెరికావారు 1972 జూలై 23న ప్రయోగించిన మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహముతో ఈ స్థితి మారినది. అది సుమారు 900 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, 18 దినములకొకసారి అదే చోటిని మరల చిత్రించెడిది.

ఆ చిత్రము చుక్కల ముగ్గు వంటిది. ఒక్కొక్క చుక్క 80 మీటర్ల పొడవు, అంతే వెడల్పుగల నేలకు ప్రతినిధి. అనగా ఎకరమున్నరకు మించిన నేల అంతయు ఒకే చుక్కలో ఇమిడిపోవును. అందులో పది చెట్లు పడిపోయినను చుక్క రంగు మారకపోవచ్చును. హైదరాబాదున 1974లో జాతీయ రిమోట్ సెన్సింగు సంస్థ ఏర్పడినది. 1979 నుండి లాండ్‌శాట్ చిత్రములను షాద్‌నగరు వద్ద నెలకొల్పిన కేంద్రమే నేరుగా అందుకొనసాగెను. 1988 మార్చి 17న భారతదేశపు స్వంత ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్. 1ఎ నాటి సోవియట్ దేశపు బైకనూరునుండి ఆకాశమున కెక్కెను. దాని మెరుగైన కెమెరాలో చుక్క ముప్పదిరెండు సెంట్ల నేలకు తగ్గెను. తరువాతి ఉపగ్రహములలో అది పదమూడున్నర సెంట్లకు దిగెను.

చుక్క చిన్నదగుటతో చిక్కులన్నియు తీరలేదు. చిత్రము ఏ ఋతువున తీయబడినదనునది ముఖ్యము. నల్లమలలోను, గోదావరి నానుకొనిన టేకు అడవులలోను మాఘ ఫాల్గుణములు వచ్చునప్పటికి ఆకు రాలిపోవును. చైత్రమున తీసిన చిత్రమును చూచి, సంగతి తెలియనివాడు ఇక్కడ అడవి నశించినదని వ్రాసినచో ఆశ్చర్యము లేదు. వానకాలమున ఆకు నిండుగా నుండును గాని మబ్బులు అడ్డుపడును. అందుచేత వానలు వెలిసి ఆకు రాలకమునుపు, అక్టోబరు మొదలుకొని తీసిన చిత్రములను అడవుల లెక్కకు ఎంచుకొందురు. ఒకే అడవి ఏ వారమున చిగురించినది, ఏ వారమున ఆకు రాల్చినదని ఏటేట గుర్తించుచు పోయినచో, వానల మార్పు అడవినెట్లు తాకుచున్నదో కూడ తెలియును.

మబ్బులను దాటి చూచుటకు రాడారు ఉపగ్రహములు కలవు. ఇవి సూర్యకాంతిపై ఆధారపడవు. తామే రేడియో తరంగములను పంపి, వాని ప్రతిధ్వనిని అందుకొనును. 2025 జూలై 30న శ్రీహరికోటనుండి ప్రయోగించిన నైసార్ ఇట్టిదే. భారత, అమెరికా దేశముల శాస్త్రజ్ఞులు కలిసి దీనిని నిర్మించిరి. దీని పొడవైన తరంగము సుమారు 24 సెంటీమీటర్లది. అది ఆకులను దాటి కొమ్మలను, మొదళ్లను తాకి వచ్చును గనుక, అడవిలోని కలప బరువును అంచనా వేయుటకు తోడ్పడును. పచ్చదనము వేరు, చెట్టు వేరు. పైపచ్చను మాత్రమే చూచు కంటికి ఈ భేదము సులభముగా దొరకదు.

ఇట్టి చూపు ఎంత పొరపడగలదో, ఎంత మేలు చేయగలదో తెలుపుటకు భారతదేశపు అడవుల లెక్క యొక్కటి చాలును. జాతీయ రిమోట్ సెన్సింగు సంస్థవారు 1972-75 నాటి చిత్రములను, 1980-82 నాటి చిత్రములను పోల్చిచూచిరి. మొదటిదానిలో 5 కోట్ల 55 లక్షల హెక్టార్ల అడవి కలదని, రెండవదానిలో 4 కోట్ల 63 లక్షల హెక్టార్లకు తగ్గెనని తేల్చిరి. సుమారు ఏడెనిమిదేండ్లలో 92 లక్షల హెక్టార్ల అడవి మాయమైనదన్న వార్త దేశమును కలవరపెట్టినది. అప్పటివరకు అటవీశాఖల దస్త్రములలో అడవిగా వ్రాయబడిన నేల అంతయు అడవియే యని ఎంచుచుండిరి. దస్త్రములోని అడవికిని నేలపైని అడవికిని ఎంత దూరమున్నదో ఆకాశపు చిత్రము బయటపెట్టెను.

డెహ్రాడూనులో 1981లో ఏర్పడిన భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు 1981-83 నాటి చిత్రములను చదివి 1987లో తమ మొదటి నివేదికను ప్రకటించిరి. వారి లెక్కలో అడవి 6 కోట్ల 40 లక్షల హెక్టార్లు! ఇంచుమించు అవే సంవత్సరములు, అదే దేశము, అదే జాతి చిత్రములు. తేడా మాత్రము 1 కోటి 77 లక్షల హెక్టార్లు. పలుచని అడవిని అడవియనవలెనా, బీడనవలెనా? కొండనీడ పడిన చోటిని ఎట్లు చదువవలెను? ఇట్టి ప్రశ్నలకు చదువరులు చెప్పుకొను సమాధానములను బట్టి లెక్క మారును. చిత్రము ఒకటియే యైనను చదువు ఒకటి కాదు. రెండు సంస్థల నిపుణులు కూర్చుండి లెక్కలను సరిచూచుకొనవలసివచ్చెను.

నేడు ఆ సంస్థవారు పాటించు నిర్వచనము స్పష్టమైనది. ఒక హెక్టారు, అనగా దాదాపు రెండున్నర ఎకరములకు తగ్గని నేలపై, నూటికి పది పాళ్లకు మించి చెట్ల ఆకుపందిరి పరచుకొన్నచో అది అటవీ ఆచ్ఛాదనము. ఆ నేల ఎవరిది, ఆ చెట్టు ఏ జాతిది అను విచారణ ఇందు లేదు. కనుక మామిడితోటయు, కొబ్బరితోటయు, జామాయిల్ తోటయు ఇందు చేరును. దట్టముగా నల్లుకొన్న సర్కారు తుమ్మయు చేరవచ్చును. 2023వ సంవత్సరపు నివేదిక ప్రకారము దేశమున అటవీ ఆచ్ఛాదనము 7,15,343 చదరపు కిలోమీటర్లు. అనగా 7 కోట్ల 15 లక్షల హెక్టార్లు, దేశ విస్తీర్ణములో నూటికి 21.76 పాళ్లు. 1987 నాటి సంఖ్యను ఇందులోనుండి తీసివేసి, 75 లక్షల హెక్టార్ల అడవి పెరిగినదనుట తొందరపాటు. నాటి చుక్క వేరు, నేటి చుక్క వేరు; చదివిన పద్ధతియు వేరు. ఒకచోట పాత అడవి పోయి, వేరొకచోట అంతే నేలలో తోటలు లేచినచో మొత్తములో తేడా కనబడదు. కాని అడవిలోని పక్షికి, మృగమునకు, తేనెటీగకు ఆ తేడా తెలియును. అడవి అంచున నున్న మనుష్యునికి బాగుగా తెలియును.

ఉపగ్రహము చేయు మరియొక మేలు నిప్పును పసిగట్టుట. ఆకురాలిన అడవిలో వేసవినాట ఒక్క నిప్పురవ్వ చాలును. ఇప్పపువ్వు ఏరుటకై చెట్టు క్రింది ఆకును తగులబెట్టిన మంట గాలికి గుట్టదాటిపోవును. వేడిమిని గ్రహించు ఉపగ్రహముల సాయమున అటవీ సర్వేక్షణ సంస్థవారు 2004 నుండి ఇట్టి మంటల జాడను రాష్ట్రముల అటవీశాఖలకు తెలుపుచున్నారు. మొదట చుక్క కిలోమీటరు వెడల్పు గలది. 2017 నుండి 375 మీటర్ల చుక్కగల ఉపగ్రహమును గూడ వాడుచున్నారు. సందేశము అడవిలో పనిచేయు ఉద్యోగుల ఫోనునకే చేరును. అయినను ఉపగ్రహము నిప్పును చూచును గాని ఆర్పదు. పచ్చి కొమ్మలు చేతబట్టి మంటకెదురు పోవువారు నేలమీది మనుష్యులే.

ఈ చిత్రములన్నియు ఒకచోట పోగుపడి మహాగ్రంథాలయమైనవి. గ్రంథాలయమునకు విలువ క్రొత్త పుస్తకములవలననే కలుగదు. పాత సంపుటములను చెదలు పట్టకుండ కాపాడుటవలనను, తలుపు తెరచియుంచుటవలనను కలుగును. లాండ్‌శాట్ చిత్రములకు చిరకాలము వెల యుండెను. ఒక్కొక్క చిత్రమునకు వందల డాలర్లు చెల్లింపగల సంస్థలకే అవి లభించెడివి. 2008లో అమెరికా ప్రభుత్వము ఆ భాండారమును లోకమునకంతటికి ఉచితముగా తెరచినది. అయిదేండ్లు తిరుగకముందే దాని ఫలము కనబడెను. మేరీలాండు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలిసి 6,54,178 చిత్రములను యంత్రములచే చదివించి, 2000 మొదలు 2012 వరకు ప్రపంచమున 23 లక్షల చదరపు కిలోమీటర్ల అడవి పోయెనని, 8 లక్షల చదరపు కిలోమీటర్లు క్రొత్తగా లేచెనని 2013లో ప్రకటించిరి. పోయినది భారతదేశ విస్తీర్ణములో మూడింట రెండు పాళ్లకు మించినది.

చిత్రములను చదివి ప్రజలయెదుట నుంచుటవలన అడవికి మేలు కలుగునా యన్నచో, బ్రెజిల్ దేశము చెప్పగలదు. అక్కడి అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుండి ఏటేట అమెజాన్ అడవిలో ఎంత నరుకబడినదో లెక్క తీయుచున్నది. 2004లో 27,772 చదరపు కిలోమీటర్లు నరుకబడెను. ఆ యేటినుండి, నరుకుడు జరుగుచున్నప్పుడే హెచ్చరించు పద్ధతిని ప్రారంభించిరి. దానికి తోడు చట్టమును గట్టిగా అమలుపరచిరి. రక్షిత ప్రాంతములను పెంచిరి. 2012 నాటికి ఆ లెక్క 4,571కి దిగెను. తరువాతి కాలమున పట్టు సడలగా 2021లో మరల 13,000 దాటెను. ఈ నడుమ 2019లో దేశాధ్యక్షుడు ఆ లెక్కలను శంకింపగా, వానిని సమర్థించిన సంస్థ అధిపతి రికార్డో గల్వావ్ పదవిని కోల్పోయెను. లెక్క చెప్పుటకు గూడ ధైర్యము కావలెనని దీనివలన తేలుచున్నది.

ఇంతవరకు దేశముల లెక్క. ఇక ఒక్క రైతు లెక్క. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము ప్రకారము, 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి అటవీభూమిని సాగుచేసికొనుచు బ్రతుకు ఆదివాసి ఆ భూమిపై హక్కు కోరవచ్చును. ఆనాడు ఆ చెలకలో సేద్యమున్నదా, అడవి యున్నదా అనుటకు పాత ఉపగ్రహ చిత్రమును చూచుట సహజము. క్రొత్తగా చెట్లు నరికి పాతసాగని చెప్పిన మాటను అట్టి చిత్రము బయటపెట్టగలదు. నిజముగా సాగుచేసినవానికి అది సాక్ష్యమును కాగలదు. కాని పోడు చెలక స్వభావమేమి? ఇప్పచెట్టును, చింతచెట్టును నరుకక వాని నడుమ విత్తుట వాడుక. రెండేండ్లు పండించి కొన్నాళ్లు బీడుపెట్టుట వాడుక. ఎకరపు చెలక చిత్రములో ఏడెనిమిది చుక్కలు మాత్రమే. ఆ చెట్ల నీడ, ఆ బీటిలోని పొద చుక్కల రంగును పచ్చగా మార్చును. ఎన్నడు ఆ కొండ నెక్కనివాడు ఆ చుక్కలను చూచి ఇక్కడ సేద్యము లేదని తీర్పుచెప్పినచో, ఒక కుటుంబము బువ్వ పోవును.

ఈ ప్రమాదమును ఎరిగియే 2012లో సవరించిన నియమములలో, ఉపగ్రహ చిత్రములు ఇతర సాక్ష్యములకు తోడుగా నుండవచ్చునే గాని వానికి బదులు కాజాలవని నిర్దేశించిరి. పెద్దల వాఙ్మూలము, పాత రసీదు, గట్టు, బావి, సమాధి మొదలగు గుర్తులకు గల స్థానమును చిత్రము లాగుకొనరాదు. హక్కు విచారణకు తొలి మెట్టు గ్రామసభ. ఆ సభలో చిత్రమును చదువగలవాడొక్కడును లేనిచో, పైనుండి వచ్చిన పటమును తలవంచి ఒప్పుకొనుటయో, అసలే నమ్మక త్రోసిపుచ్చుటయో జరుగును. రెండును నష్టమే. చదువగలవాడుండినచో, ఈ చుక్క ఏ నెలలో తీసినది, దీని వెడల్పెంత, నేలపై ఎవరు వచ్చి సరిచూచిరి అని మూడు ప్రశ్నలు వేయగలడు.

ఆ మూడు ప్రశ్నలను అడుగుటకు పెద్ద చదువు అక్కరలేదు. హైదరాబాదు సంస్థ నేడు జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రమను పేర నున్నది. 2009 నుండి భువన్ అను పేర దేశపు ఉపగ్రహ చిత్రములను ఎవరైనను చూచుకొను వీలు కల్పించినది. గ్రంథాలయమున ఒక కంప్యూటరు, దాని యెదుట ఒక విద్యార్థి, అతని ప్రక్కన కుర్చీలో అడవి నెరిగిన ఒక వృద్ధుడు ఉన్నచో పని ప్రారంభమగును. విద్యార్థి ఊరి పొలిమేరను, చెరువును, గుట్టను తెరపై చూపును. వృద్ధుడు, ఇది అడవి కాదు, జామాయిల్ తోట. ఇది బోడి కాదు, ఆకు రాలిన టేకు అని సరిదిద్దును. ఒకరికి పైచూపు, ఒకరికి నేలయెరుక. ఇరువురు కలిసి చదివినదానిని ఒక పుస్తకమున వ్రాసి, తేదీ వేసి, బీరువాలో భద్రపరచినచో, అది ఆ ఊరి అడవికి తొలి సంపుటమగును.

ఏటేట అట్టి సంపుటమొకటి చేరుచు వచ్చినచో, ఈ గ్రంథాలయము సువర్ణోత్సవము జరుపుకొను నాటికి ఇరువది యైదేండ్ల లెక్క సిద్ధముగా నుండును. అడవి పెరిగినదా తరిగినదా యని నాటి పిల్లలు జ్ఞాపకమును మాత్రమే అడుగవలసిన అవసరముండదు. బీరువా తెరచి చూచుకొందురు. ఈ రజతోత్సవ సంవత్సరముననే ఆ మొదటి పుట వ్రాయబడుగాక!